రెండు వేళ్ళ సందు

స్ప్రింగులక్క షెడ్డుకి కార్లు కుంగిపోయి వచ్చేవి, నిటారుగా నిలబడి వెళ్ళేవి. సామాన్లు మోసి మోసి నడుం వాలిపోయిన టాక్సీలు, ఒక పక్కకి ఒరిగి నడిచే పాత కార్లు, గుంటలో పడ్డప్పుడల్లా దబ్బుమని మోగే స్కూలు వ్యాన్లు అన్నీ ఆమె దగ్గరికే. తండ్రి పోయాక షెడ్డు ఆమె చేతికొచ్చినప్పుడు, ఆడమనిషి కారు కింద దూరి పని చేస్తుందా అని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏడాది తిరక్కుండా వాళ్ళే వచ్చి వరసలో నిలబడ్డారు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టి తడిమి, కారు మూలని బలంగా కిందికి నొక్కి వదిలేది. అది ఎలా ఊగి ఎలా ఆగిందో చూసి, స్ప్రింగు పోయిందో, ఊపుని ఆపే షాకు పోయిందో అక్కడికక్కడే చెప్పేసేది. మాట మాత్రం కాస్త పెళుసు. పని బాగుంటుంది కనక మాట పడేవాళ్ళు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. బస్సులకి బాడీలు కట్టే చోట రంగులు వేసేవాడు. మనిషి బాగా పొడుగు. బస్సు పైఅంచుకి రంగు వెయ్యాలంటే మిగతావాళ్ళు నిచ్చెన వెతుక్కోవాలి, ఇతను చెయ్యి చాపితే చాలు. అందుకని అక్కడ అందరూ అతన్ని నిచ్చెన అనేవారు. అతనికి నిజంగా పేరు తెచ్చిపెట్టింది మాత్రం అతను గీసే గీత. బస్సు పక్కన ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోయే సన్నటి గీతని టేపు అంటించకుండా చేత్తో గీసేసేవాడు. అతను గీత మొదలుపెడితే పక్కవాళ్ళు పని ఆపి చూసేవారు.

తండ్రి పోయిన కొత్తలో అక్కా తమ్ముడూ కలిసే షెడ్డు నడిపారు. కొన్నాళ్ళకి అతను, "నాకీ మసి పడదక్కా, నేను రంగుల్లోకి పోతాను," అన్నాడు. "పోరా, నీ ఇష్టం," అంది ఆమె. మనసులో మాత్రం చిన్న ముల్లు దిగింది. ఇద్దరి పని ఒక్కతే చేసుకుంటున్న రోజుల్లో అది అప్పుడప్పుడూ కలుక్కుమనేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అనవలసినంత పెద్ద సంగతని కూడా అనుకోలేదు.

ఒక ఏడు అతను పాత చిన్న కారొకటి కొన్నాడు. తుప్పు గీకి, లప్పం పెట్టి, అరగదీసి, సెలవురోజులన్నీ దాని మీదే పెట్టి ముదురు వంకాయ రంగు వేశాడు. పక్కల వెండి రంగు గీత తనే గీశాడు. అంతా అయ్యాక ఒక పొద్దున్న అక్క షెడ్డుకి తీసుకొచ్చాడు. అప్పటికే అక్కడ ఒక టాక్సీ డ్రైవరూ ఒక వ్యాను డ్రైవరూ బల్ల మీద కూర్చుని టీ తాగుతూ తమ వంతు కోసం చూస్తున్నారు.

"అబ్బో, పెళ్ళికూతుర్ని చేశావే," అని స్ప్రింగులక్క చెయ్యి తుడుచుకుంటూ కారు చుట్టూ తిరిగి చూసింది. రంగు ఎక్కడా ఒక చుక్క జారలేదు. లోలోపల గర్వపడింది కూడా.

"ఒక్కటే లోటక్కా," అన్నాడు తమ్ముడు. మోకాళ్ళ మీద కూర్చుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీలో తన చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. "చూడు, నాలుగు వేళ్ళు దూరుతున్నాయి. ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగినవాడిలా లేదూ? కొంచెం కిందికి దించాలి. రెండు వేళ్ళ సందు ఉంటే చాలు. అప్పుడు చూడు దీని అందం."

"జనం కుంగిపోయిన కార్లు పట్టుకొచ్చి లేపమ్మా లేపమ్మా అని నా ప్రాణం తీస్తుంటే, నువ్వు బాగున్నదాన్ని కుంగదియ్యమంటావేంట్రా?"

"కుంగదియ్యడం కాదక్కా. పొట్టి స్ప్రింగులు దొరుకుతాయి కదా, వాటికి తగ్గ షాకులూ..."

"నీ పొడుగేంటి, నీ కోరికేంటి? అది నేలకి దిగితే అందులో ఎలా పడతావు? మోకాళ్ళు తెచ్చి చెవులకి పెట్టుకుంటావా?"

"లోపల సీటు ఎక్కడున్నదో అక్కడే ఉంటుందిగా," అని తమ్ముడు నవ్వాడు.

టాక్సీ డ్రైవరు ఊరుకోలేదు. "నిచ్చెనని మడిచి డిక్కీలో పెట్టుకోవాలక్కా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తమ్ముడూ వాళ్ళతో కలిసి నవ్వాడు. అక్కడితో ఆగి ఉంటే అది సరదాగానే పోయేది. కానీ నలుగురూ నవ్వేసరికి స్ప్రింగులక్కకి ఊపొచ్చింది.

"మసి పడదని పోయినవాడివి, మళ్ళీ మసి దగ్గరికే వచ్చావా? పోయి రంగులేసుకో. ఇది పని కాదు, చిన్నపిల్లల ఆట. ఆటలాడుకోడానికి నాన్న ఈ షెడ్డు పెట్టలేదు."

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. జేబులోంచి గుడ్డ తీసి, తన వేళ్ళు పడిన చోట మడ్‌గార్డు మెల్లిగా తుడిచాడు. "సరేలే అక్కా, నీకు తీరికున్నట్టు లేదు," అని కారెక్కి వెళ్ళిపోయాడు.

నిజానికి అదేమంత గొప్ప పని కాదు. సరైన పొట్టి స్ప్రింగులు, వాటికి జోడైన షాకులు తెప్పించి వేసి, చక్రాల వాలు సరిచేస్తే సరిపోతుంది. ఒక రోజు పని. ఆమె కావాలనుకుంటే కళ్ళు మూసుకుని చేసేది. చెయ్యకూడదని కూడా అనుకోలేదు. చిన్నప్పటి నుంచీ తమ్ముడు ఏదడిగినా ముందు కసురుకోవడం, వాడు మళ్ళీ వచ్చి బతిమాలాక చేసిపెట్టడం ఆమెకి అలవాటు. ఈసారీ వస్తాడు, కాస్త బెట్టు చేసి చేద్దాంలే అనుకుంది. స్ప్రింగులమ్మే షాపువాడితో, అటువంటివి ఉంటే చూడమని మాటవరసకి చెప్పి కూడా ఉంచింది.

తమ్ముడు మళ్ళీ అడగలేదు. ఫోను చేసి క్షేమం కనుక్కునేవాడు కానీ కారు మాట ఎత్తేవాడు కాదు. ఆమె కూడా ఎత్తలేదు. ముందు తనెందుకు ఎత్తాలి అనుకుంది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం స్ప్రింగులక్క ఒక వ్యానుని జాకీ మీద లేపి కింద పడుకుని ఉండగా, షెడ్డు ముందున్న ఏటవాలు దగ్గర గర్రుమని ఏదో గీరుకున్న చప్పుడైంది. బయటికి జరిగి చూస్తే తమ్ముడి కారు. నేలకి దిగి ఉంది. బంపరు అడుగు రాసుకుని సిమెంటు మీద గీత పడింది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, కారు చూడముచ్చటగా ఉంది. పరుగెత్తబోయే ముందు ఒళ్ళు దగ్గరికి తీసుకున్న జంతువులా ఉంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు దిగుతూ. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

"ఎవరు చేశారు?"

"ఊరి చివర చక్రాలూ లైట్లూ మార్చే కుర్రాడున్నాడులే, వాడు."

ఆమె వంగి ముందు చక్రం పైన చెయ్యి దూర్చింది. వేళ్ళకి స్ప్రింగు కొస తగిలింది. నున్నగా ఉండాల్సిన చోట గరుగ్గా, పదునుగా ఉంది. గ్రైండరు పెట్టి స్ప్రింగుని రెండు చుట్లు కోసేసి, పాత షాకు మీదే మళ్ళీ కూర్చోబెట్టాడు వాడు. అలా కోస్తే కారు దిగుతుంది, నిజమే. కానీ చక్రం గుంటలో పడి కిందికి జారినప్పుడు పొట్టిదైపోయిన స్ప్రింగు వదులైపోతుంది. కూర్చున్న చోటు నుంచి ఏదో ఒక రోజు తప్పుకుంటుంది. ఆ సంగతి ఆమెకి చేత్తో తాకగానే తెలిసిపోయింది.

"ఎడంపక్క ముందు నుంచి టక్కుమని ఓ చప్పుడొస్తోందక్కా," అన్నాడు తమ్ముడు. "ఒక్కసారి చూస్తావా?"

చెయ్యి బయటికి తీసి గుడ్డకి తుడుచుకుంది స్ప్రింగులక్క. నా దగ్గర కాదనిపించుకుని ఎవడో ముక్కూమొహం తెలియనివాడి చేత చేయించుకొచ్చి, ఇప్పుడు నన్ను చూడమంటాడా అనిపించింది. అలా మనసు చురుక్కుమనడమే, మరేమీ లేదు.

"చేసినవాడున్నాడుగా, వాణ్ణే అడగరాదూ?"

"అడిగాను. కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుందన్నాడు."

"అయితే సర్దుకుంటుందేమోలే," అంది ఆమె.

తమ్ముడు జాకీ మీదున్న వ్యాను వంక ఒకసారి చూశాడు. "సరే అక్కా, నీ పని పాడుచేస్తున్నాను," అని కారు తిప్పుకున్నాడు. ఏటవాలు దిగేటప్పుడు మళ్ళీ గర్రుమంది. ఆమె వ్యాను కిందికి జరిగింది కానీ చేతులు పని మీద నిలవలేదు. రేపు ఫోను చేసి నాలుగు తిట్లు తిట్టి కారు ఇక్కడ పడెయ్యమనాలి అనుకుంది. మర్నాడు ఒక టాక్సీ ఇరుసు విరిగి వచ్చింది. ఆ మర్నాడు ఇంకేదో వచ్చింది. ఫోను చెయ్యడం పెద్ద పని కాదు. చెయ్యలేదు, అంతే.

తమ్ముడు పని నుంచి ఇంటికి వచ్చే దారిలో ఒక స్పీడ్ బ్రేకరూ, దాన్ని దాటగానే ఒక మలుపూ, మలుపులో చిన్న కల్వర్టూ ఉన్నాయి. ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, అక్కడే జరిగింది. స్పీడ్ బ్రేకరు దిగుతుంటే ఎడమ చక్రం దగ్గర స్ప్రింగు తప్పుకుని టైరుకి అడ్డం పడింది. స్టీరింగు అతని చేతుల్లోంచి ఒక్కసారిగా తిరిగిపోయింది. కారు కల్వర్టు గోడని గుద్దుకుంది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. అతనికీ ప్రాణాపాయం లేదు. కుడి మణికట్టు మాత్రం నుజ్జయింది.

మరదలు, తమ్ముడి భార్య, ఫోను చేస్తే స్ప్రింగులక్క మసిచేతులతోనే ఆసుపత్రికి పరుగెత్తింది. వరండాలో మరదలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం కూడా అయిపోయినట్టుంది.

"ఎముకల డాక్టరు చూశారు వదినా. ప్లేట్లు వెయ్యాలట," అంది.

లోపల మంచం చాలక కాళ్ళు బయటికి వేలాడుతూ పడుకుని ఉన్నాడు తమ్ముడు. అక్కని చూడగానే, "కారు ఎలా ఉందక్కా?" అన్నాడు.

"కారుకేం రోగం! నీ సంగతి చూసుకో," అని కసిరింది. ఆ పాడు కసురు తప్ప నోటికి ఇంకేమీ రాలేదు. బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

కారుని లాక్కురావడానికి మర్నాడు తనే వెళ్ళింది. కల్వర్టు దగ్గర పోగైనవాళ్ళు తలోమాటా అంటున్నారు. వేగం అన్నారు, వయసు పొగరన్నారు, ఫోను చూస్తూ నడిపుంటాడన్నారు. స్ప్రింగు గడ్డిలో పడి ఉంది. కోసిన కొస తళతళలాడుతోంది. దాన్ని తీసి కారు వెనక సీటు మీద పెట్టింది. వేగం కాదయ్యా, ఇదీ కారణం అని ఆ నలుగురికీ చెప్పొచ్చు. చెబితే, మరి నీకు ముందే తెలియదా అని ఎవరైనా అడుగుతారేమోనని భయమేసింది. తమ్ముడి మీద పడుతున్న మాటలు వింటూ, నోరు మెదపకుండా తాడు కట్టుకుని వచ్చేసింది. తర్వాత చాలాకాలం అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది ఆ మౌనమే.

మణికట్టు అతుక్కుంది కానీ మునుపటిలా తిరగలేదు. కాస్త బరువు పడితే వణికేది. సెలవు ముగించుకుని తమ్ముడు పనిలోకి వెళ్ళాడు. ఒక బస్సుకి గీత గియ్యబోయాడు. ఆ సంగతి మరదలే వచ్చి చెప్పింది.

"సగం దాకా బానే పోయిందట వదినా. తర్వాత వంకర తిరిగిందట. ఎవరూ ఏమీ అనలేదట. ఈయనే బ్రష్షు కింద పెట్టేసి, మీరు కానివ్వండి అని పక్కకొచ్చేశారట. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్లేదు."

అక్కడివాళ్ళు మంచివాళ్ళు. రంగులు కలిపే గదిలో పని ఇచ్చారు. ఏ రంగులో ఏది ఎంత పడాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "ఇప్పుడు నేను వంటవాణ్ణక్కా, వడ్డించేవాళ్ళు వేరే," అనేవాడు నవ్వుతూ. స్ప్రింగులక్క కూడా నవ్వేది. నవ్వి, ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది.

కారు షెడ్డు వెనక ఉండిపోయింది. ఇన్సూరెన్సువాళ్ళు తుక్కు కింద లెక్కకట్టేశారు. ఆమె అమ్మనివ్వలేదు. ప్రతి సెలవురోజూ దాని మీదే పని చేసింది. ముందు భాగం సాగదీయించింది, వంగిన చట్రం సరిచేయించింది. పొట్టి స్ప్రింగులు తెప్పించింది. వాటికి జోడైన షాకులు వేసింది, బుష్షులన్నీ మార్చింది. నాలుగు మూలలా కారు ఎత్తు కొలిచి, చక్రాల వాలు చూసి, నచ్చక మళ్ళీ విప్పి మళ్ళీ బిగించింది. కారుని జాకీ మీద నుంచి దించిన రోజు అది మెల్లగా కిందికి వచ్చి, తన బరువుకి తాను కుదురుకుని నిలిచింది. వంగి చెయ్యి పెట్టి చూస్తే రెండు వేళ్ళే దూరాయి. ఇంత అందంగా ఉంటుందని తను ఎప్పుడూ అనుకోలేదు. వాడికి మొదటి రోజే కనిపించింది ఇదే కదా అనిపించి, కారు పక్కన నేల మీదే కూర్చుండిపోయింది.

మర్నాడు తమ్ముణ్ణీ మరదల్నీ రమ్మంది. అతను కారు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. మూల నొక్కి వదిలాడు. ఒక్క ఊపు ఊగి ఆగింది.

"బాగుందక్కా," అన్నాడు. నిజంగానే అన్నాడు. అయినా ఆ రోజు కారు దిగుతూ ఎలా ఉందని అడిగినప్పటి మొహం కాదది. పక్కింటివాళ్ళ కారుని మెచ్చుకునే మొహం.

మరదలు లోపల సీటు సర్దుకుంటోంది. స్ప్రింగులక్క గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆ రోజు చప్పుడొస్తోందని వచ్చావే," అంది.

"అదా! నీకు వ్యాను జాకీ మీద ఉంది కదా. తీరికెక్కడిది?"

"తీరికుందిరా. నాకు తెలుసు. చెయ్యి పెట్టి చూశాను కదా, కోసేశాడని తెలిసింది. తెలిసే సర్దుకుంటుందన్నాను."

తమ్ముడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని నిమురుకున్నాడు. అతనికి తెలియకుండానే అలవాటైపోయింది అది.

"నాకూ తెలుసక్కా. వాడు కోస్తుంటే పక్కనే నిలబడ్డాను. నాన్న దగ్గర అంతో ఇంతో నేర్చుకున్నవాణ్ణేగా, అది తప్పని నాకు మాత్రం తెలియదా?"

"మరి తెలిసి ఎలా నడిపావురా?"

"నీ దగ్గరికి తెద్దామనే చేయించాను," అన్నాడు తల దించుకుని. "మామూలుగా అడిగితే నువ్వు ఒప్పుకోవు. ఇలా పాడుచేసి తెస్తే, చూసి తిట్టి, ఈ దరిద్రం ఇక్కడ పడెయ్యరా అని సరిగ్గా చేసిపెడతావనుకున్నా. చిన్నప్పుడు సైకిలు పాడుచేసుకుని తెచ్చినప్పుడూ అంతేగా."

మళ్ళీ వచ్చి అడుగుతాడని స్ప్రింగులక్క ఇన్నాళ్ళూ ఎదురు చూసింది. వాడు వచ్చాడు, అడిగాడు. ఆ రోజు వచ్చింది అందుకే. వాడి అడగడం తనకి అర్థం కాలేదు, అంతే తేడా.

"ఆ తర్వాతైనా బాగుచేయించుకోవలసింది కదరా," అంది.

"అనుకున్నాలే. కానీ నువ్వు సర్దుకుంటుందన్నావు కదా, అంత ప్రమాదమేమీ లేదేమో అనుకున్నా. నీకంటే ఎవరికి తెలుసు?"

అతను దెప్పడానికి అనలేదు. ఉన్నమాట చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి కంగారు పడి, "ఏంటక్కా ఇది, కారు నాది, కోయించింది నేను, నువ్వేం చేశావని?" అని భుజం మీద చెయ్యి వేశాడు. అలా అనకుండా నాలుగు మాటలు తిట్టి ఉంటే ఆమెకి కాస్త హాయిగా ఉండేదేమో.

"నువ్వు నడపవా?" అంది తాళం ఇస్తూ.

"స్టీరింగు దగ్గర చెయ్యి పట్టు ఇవ్వదక్కా. తను నడుపుతుంది. నేను పక్కన కూర్చుని తప్పులు పడతా."

మరదలు ఏటవాలు మీదికి కారుని నేరుగా పోనివ్వకుండా ఐమూలగా తిప్పి, ఒక్కో చక్రమే దింపింది. ఎక్కడా రాసుకోలేదు.

ఆ తర్వాత స్ప్రింగులక్క కార్లు దించే పని కూడా ఒప్పుకోవడం మొదలుపెట్టింది. కుర్రకారు చాలామంది వచ్చేవారు. కోసిన స్ప్రింగులతో ఎవరైనా వస్తే తాళం లాక్కుని జేబులో వేసుకునేది. సరిచేసేదాకా ఇచ్చేది కాదు. చప్పుడొస్తోందని ఎవరన్నా ఎంత పని ఉన్నా కింద దూరి చూసేది. మాటలో పెళుసు కూడా చాలా తగ్గిందని పాత డ్రైవర్లు అనుకునేవారు.

తమ్ముడు వారానికోసారైనా ఇంటికొచ్చేవాడు. తినేవాడు, నవ్వించేవాడు, ఆమెకి ఒంట్లో బాగోకపోతే మందులు తెచ్చేవాడు. ప్రేమకేమీ లోటు లేదు. కారుకి ఏదైనా పనుంటే మాత్రం మరదలే తెచ్చేది. కావాలంటే సీటు కిందికి జరుపుతానురా, మంచి పాటల స్టీరియో పెట్టిస్తానురా, ఇంకేమైనా చెయ్యమంటావా అని స్ప్రింగులక్క తనే ఎన్నోసార్లు అడిగింది.

"ఏమీ వద్దక్కా, అంతా బానే ఉంది," అనేవాడు.

తమ్ముడు ఆమెని మళ్ళీ ఏదీ అడగలేదు.